ఓరుగల్లులో ఒక పగలు: కోట ముందు, చెరువు చివర

ఇవాళ నేను ఊరు తిప్పి చూపించే బృందంలో పన్నెండు మంది, ఒక టెంపో ట్రావెలర్. ఎండ పెద్దగా లేదు. ఏప్రిల్ నెలయితే ఇదే వరుసలో తిప్పినా పదకొండింటికల్లా అందరూ నీడ వెతుక్కునేవాళ్లు.

వరంగల్ టూర్ ఎక్కువగా చెడేది కోట దగ్గరే. హైదరాబాద్ నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్లకు ముందు హనుమకొండ తగులుతుంది. దారిలో ఉంది కదా అని వేయిస్తంభాల గుడితో మొదలుపెడతారు. ఆ తర్వాత టిఫిను, ఫొటోలు, భద్రకాళి దర్శనం. కోటకు చేరేసరికి పన్నెండున్నర. నడినెత్తి ఎండలో రాతి మీది చెక్కడం చదునుగా కనిపిస్తుంది. పూలదండ లోతూ, హంస తోక మెలికా కళ్లకు ఆనవు. పొద్దున ఏటవాలు వెలుగు పడితే ఆ గీతలే నీడలతో లేచి నిలబడతాయి. పైగా అక్కడ చెట్టు నీడ తక్కువ. అందుకే హనుమకొండను దాటేసి నేరుగా కోటకే పోవాలి, ఏడున్నరకల్లా తోరణాల మధ్య ఉండాలి.

తోరణాల కన్నా ముందు ప్రాకారాన్ని చూపించాలి. బండ్లన్నీ దాని గుండానే దూసుకుపోతాయి కాబట్టి ఎవరూ దిగరు. లోపలిది రాతి గోడ, దాని చుట్టూ కందకం, బయట మట్టి కోట. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టిన పనిని రుద్రమదేవి పూర్తిచేసింది. దర్వాజా దగ్గర దారి నేరుగా ఉండదు, మలుపు తిరుగుతుంది. ఏనుగో గుర్రపు దండో ఒక్క ఊపున లోపలికి దూకకుండా చేసిన ఏర్పాటది. గోడకు లోపలివైపు నిడుపునా మెట్లున్నాయి, సైనికులు ఎక్కడినుంచైనా పైకి ఎక్కేటట్టు. ఈ రెండూ చూపిస్తే, కోట అంటే నాలుగు తోరణాలే అనుకుని వచ్చినవాళ్లకు సంగతి అర్థమవుతుంది.

ఇక తోరణాలు. నడుమ స్వయంభూ దేవుడి గుడి ఉండేది, దాని నాలుగు దిక్కులా నాలుగు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకున్నాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. వాటి మీద దేవుడి బొమ్మ లేకపోవడమే కాపాడిందని చెప్తుంటారు. అదెంత నిజమో గానీ, బొమ్మ లేదన్నది మాత్రం కళ్లముందే ఉంది: తామర మొగ్గలు, వేలాడే దండలు, మకరాలు, కొసల మీద హంసలు. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే అనగానే అందరూ ఫోన్లు తీస్తారు. ఫొటోలకు పది నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత కింద చెల్లాచెదురుగా పడున్న రాళ్ల దగ్గరికి తీసుకుపోవాలి. విరిగిన దూలాన్ని చేయిచాచేంత దగ్గరి నుంచి చూస్తేనే ఉలి ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. నిలబడి ఉన్న తోరణం మీద ఆ పనంతా కంటికి అందనంత ఎత్తులో ఉంటుంది.

పక్కనే ఖుష్ మహల్. లోపలికి వాలిన మందపాటి గోడలు, కమానులు, నడుమ నీళ్ల తొట్టి. కాకతీయుల తర్వాత ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో చెప్పే కట్టడం ఇది, కాకతీయులది కాదు. గైడ్లు దీన్ని కూడా కాకతీయుల ఖాతాలోనే రాసేస్తుంటారు.

తొమ్మిదిన్నరకు ఏకశిల గుట్ట. మెట్లు తక్కువే, పైనుంచి ఊరు, కింద చెరువు కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను కిందే చాయ్ దగ్గర కూర్చోబెట్టడం మేలు.

వేయిస్తంభాల గుడికి పదిన్నర. చెప్పులు బయటే విప్పాలి. ఎండాకాలమైతే సంచిలో సాక్సులు పెట్టుకోమని ముందురోజే చెప్పాలి, ఆ బండలు కాళ్లు కాలుస్తాయి. మెట్లెక్కగానే ఒక పెద్దామె అడిగిన ప్రశ్న ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడిగేదే: “వెయ్యి ఎక్కడున్నయి బిడ్డా?” గోడలో సగం పొదిగినవి, చిన్నవి, కల్యాణ మండపంలోవి, అన్నీ కలిపి లెక్కపెడతారమ్మా అంటే నవ్వి ఊరుకుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయమిది: శివుడు, విష్ణువు, సూర్యుడు. ఆయన శాసనం ఇక్కడే ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోకుండా నందితో ఫొటో దిగడానికి పోతారు. మండపంలో నల్లరాతి స్తంభాల నునుపును వేలితో కాదు, కళ్లతో చూడమనాలి. చేతి జిడ్డు రాతికి పట్టేస్తుంది.

కల్యాణ మండపం కథ కొంచెం నెమ్మదిగా చెప్పాలి. కాకతీయులు గొయ్యి తీసి, ఇసుక నింపి, దట్టించి, దాని మీద గుడిని నిలబెట్టారు. నేల కొద్దిగా కదిలినా ఇసుక ఆ ఒత్తిడిని మింగుతుంది. కానీ ఇసుక ఎటూ జారకుండా బిగువుగా ఉన్నంతవరకే ఈ లెక్క నడుస్తుంది. పునాది కుంగితే పైనున్న రాళ్ల కీళ్లు విడిపోతాయి. అలా కుంగిన ఈ మండపాన్ని 2006లో విప్పి, రాళ్లకు నంబర్లు వేసి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. ఆ మధ్యకాలంలో వచ్చినవాళ్లు చూసింది రాళ్ల గుట్టలే. లోపల పాత రాయికీ కొత్త రాయికీ రంగు తేడా స్పష్టంగా కనిపిస్తుంది, అదే మంచిది కూడా.

మధ్యాహ్నం భద్రకాళి గుడి కొన్ని గంటలు మూస్తారు. ఆ వేళను భోజనానికీ, కాసేపు నడుం వాల్చడానికీ వదిలేయాలి. నాలుగింటికి పద్మాక్షి గుట్ట. టూరు కాగితాల్లో దీనికి ఎప్పుడూ చోటుండదు, నాకైతే కోట తర్వాత ఇదే. రాతికి చెక్కిన జైన మూర్తులు, 1117 నాటి శాసనమున్న నల్లరాతి స్తంభం, కింద బతుకమ్మలు వదిలే గుండం. గుట్ట మీద చేతిలో కవరు కనిపిస్తే కోతులు వదలవు. కొబ్బరి చిప్పలు సంచి అడుగున పెట్టుకోవాలి.

ఎండ తగ్గాక భద్రకాళి. ముందు దర్శనం, తర్వాత చెరువుగట్టు మీద నడక. సెలవు రోజుల్లో బండి నిలపడానికే అరగంట పోతుంది, బండిని దూరంగానే ఆపి నడిచిపోవడం నయం.

రామప్ప గుడి కూడా ఇదే రోజు కలుపుదామని ఇవాళా ఒకరు అడిగారు. కలపకూడదు. హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఆ గుడి ఉన్న పాలంపేటకు పోనూరానూ నూట ముప్పై కిలోమీటర్ల పైమాటే. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిలో చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికలను (స్త్రీ మూర్తులను) ఒక్కొక్కదాన్ని చూడటానికే గంట చాలదు. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరమూ, పక్కనున్న రామప్ప చెరువూ అదనం. దానికి ఇంకో పగలు పెట్టుకుని, మధ్యాహ్నం లక్నవరం చెరువు కలుపుకుంటే సరిగ్గా కుదురుతుంది.

రైల్లో వచ్చేవాళ్లు స్టేషన్ పేరు చూసి టికెట్ తీసుకోవాలి. విజయవాడ వైపు లైనులో వరంగల్ ఉంది, హైదరాబాద్ నుంచి బల్లార్షా వైపు పోయే ఢిల్లీ బండ్లు కాజీపేట నుంచే మళ్లిపోతాయి. ఇవాళ ఇద్దరు రాత్రి బండి కోసం వరంగల్ స్టేషన్‌లో దించమన్నారు. టికెట్ మీద ఉన్నది కాజీపేట.