పాత గచ్చు మీద పాలిష్ మెషీన్ పెట్టనివ్వలేదు: నా అనుభవం

మేం కొన్న పాత ఇంట్లో నేల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. హాల్లో తెల్ల సిరామిక్ టైల్స్, పడకగదిలో పెచ్చులు లేస్తున్న వినైల్ షీటు, వంటగదిలో మాసిపోయిన ఎర్ర గచ్చు. చూసినవాళ్లంతా "మొత్తం పీకించేసి కొత్తవి వేయించుకోండి" అన్నారు. నాకు అనుమానం వచ్చింది తలుపులు చూశాక. హాలు తలుపు కింది అంచుకు రంగు లేదు, పచ్చి చెక్క కనిపిస్తోంది. రంపం గీతలు కూడా చెరగలేదు. గడప ఏమో వరండా వైపు బెత్తెడు ఎత్తుంది, హాలు వైపు వేలెడు కూడా లేదు. అంటే ఎప్పుడో హాలు నేల పైకి లేచింది, తలుపు తిరగడానికి అడుగు కోసేశారు. పాత నేల కిందే ఉండాలి.

పాత నేల ఏమిటో తెలుసుకోవాలంటే గది మధ్యలో తవ్వకూడదు. గోడ అల్మారాల లోపల, మెట్ల కింద, గుమ్మం పలక కింద, నీళ్ల పైపు నేలలోకి దిగే కన్నం చుట్టూ చూడాలి. పై నుంచి కొత్త టైల్స్ వేసేవాళ్లు ఆ మూలలదాకా వెళ్లరు, వాళ్ల కూలికి అది గిట్టదు. మా హాల్లో గోడ అల్మారా అడుగు అరలో పాత పేపర్లు, బొద్దింకల మందు డబ్బా తీసేసి తుడిస్తే మెరూన్, బూడిద, మీగడ రంగుల్లో డిజైన్ ఉన్న ఎనిమిదంగుళాల చదరపు పలకలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి అప్పటికే ఊడి ఉంది. మిగతా పని అంతా ఆ ఒక్క పలక నేర్పించింది.

దాన్ని పక్కకు తిప్పి, విరిగిన అంచును వెలుతురులో చూశాను. పైన రంగు పొర, దాని కింద సన్నటి సిమెంటు పొర, ఆ కింద గరుకు ఇసుక కలిసిన మందమైన పొర. రంగు పొర 2 నుంచి 4 మిల్లీమీటర్లకు మించదు. వెనక వైపు నున్నగా ఉంది, మధ్యలో తయారుచేసినవాళ్ల అక్షరాలు అచ్చుపడ్డాయి. సిరామిక్ పలకకు వెనక సాధారణంగా గీతలో గళ్లో ఉంటాయి, పైన గాజులాంటి పూత ఉంటుంది. దీనికి పూత లేదు. నీళ్ల చుక్క వేస్తే కాసేపటికి పీల్చుకుని అక్కడ రంగు ముదిరింది. రాలిన చిన్న ముక్క మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చింది. నురగ వచ్చిందంటే సిమెంటో, సున్నమో, పాలరాయి పొడో ఉన్నట్టు. కాల్చిన మట్టి పలక అయితే అలా పొంగదు. ఈ పరీక్ష విడి ముక్క మీదే చేయాలి, నేల మీద చేస్తే మచ్చ పడుతుంది.

అంటే ఇవి సిమెంటు పలకలు. వీటిని కొలిమిలో కాల్చరు. ఇనుప చట్రంలో డిజైన్ గదులున్న రేకు అచ్చు పెట్టి, ఒక్కో గదిలో ఒక్కో రంగు పోసి, అచ్చు తీసేసి, పైన పొడి సిమెంటు, ఆపైన గరుకు మిశ్రమం వేసి ప్రెస్‌లో గట్టిగా నొక్కుతారు. తర్వాత నీళ్లలో నానబెట్టి ఆరనిస్తారు. రంగుల గీత ఒక పలకలో కాస్త లావుగా, పక్కదానిలో సన్నగా ఉండటానికి కారణం ఆ చేతిపనే. ఈ పద్ధతి 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో మొదలైంది. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నదే 1824లో. కాబట్టి ఇలాంటి నేల ఉన్న ఇల్లు రెండు వందల ఏళ్లదని ఎవరైనా చెబితే, ఇల్లు అంత పాతదైనా నేల మాత్రం కాదు. అవిసె నూనెతో చేసే నేల షీటు లినోలియం కూడా అంతే, ఫ్రెడరిక్ వాల్టన్ దాన్ని తెచ్చింది 1860లలో. ఇంటి వయసు నేలను బట్టి చెప్పాలనుకునేవాళ్లకు ఈ రెండూ పనికొస్తాయి.

పలక సంగతి తేలాక అసలు గొడవ మొదలైంది. పాలిష్ పని చేసే మేస్త్రిని పిలిస్తే, ఆయన చెప్పిన ప్లాన్ ఇది: పై టైల్స్ బ్రేకర్‌తో లేపేయడం, యాసిడ్ వాష్, తర్వాత గ్రైండింగ్ మెషీన్, చివర్లో పాలిష్. "అద్దంలా వస్తుంది మేడమ్, మాట ఇస్తున్నా" అన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు, గ్రానైట్‌కో మొజాయిక్‌కో మెషీన్ పెట్టే అలవాటు. మొజాయిక్‌లో రాతి ముక్కలు లోపలిదాకా ఉంటాయి, పైపైన అరగదీస్తే కొత్త ముఖం వస్తుంది. ఇక్కడ రంగు ఉన్నదే రెండు మూడు మిల్లీమీటర్లు, దాన్ని సరిచేస్తామని మెషీన్ పెడితే డిజైనే పోతుంది. ఇక యాసిడ్ సిమెంటును నేరుగా కరిగిస్తుంది, రంగు పొర గరుకై మురికిని ఇంకా పట్టుకుంటుంది. ఊడిన పలక అంచు చూపించి ఇదంతా చెప్పాను. ఆయన వేలితో తడిమి చూసి, "అయితే ఇది చేత్తో చేసే పనండీ, కూలి ఎక్కువవుతుంది" అన్నాడు. సరే అన్నాను.

వెనక ఉన్న చిన్న పడకగదిలో మాత్రం చేతులు కట్టుకుని ఆగాల్సి వచ్చింది. వినైల్ షీటు కింద తొమ్మిదంగుళాల గట్టి వినైల్ పలకలు, పగిలిన చోట నల్లటి జిగురు. ఆ కొలత పాత పలకల్లోనూ, ఆ నల్ల జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే ఖనిజ నార అది. ముందే రాలి ఉన్న ముక్కను తడిపి, సంచిలో మూసి ల్యాబ్‌కు పంపితే ఉందనే వచ్చింది. గీకడం, రుద్దడం, ఊడ్చడం ఏదీ చేయలేదు, ఎందుకంటే దుమ్ముగా మారితేనే ప్రమాదం. పలకలు చాలావరకు చెక్కుచెదరకుండా ఉన్నాయి కాబట్టి వాటిని అలాగే ఉంచి, జిగురు అక్కర్లేని నేల పైన పరిపించాం. కింద ఎంత అందమైన గచ్చు ఉన్నా ఆ గదిలో నాకు అక్కర్లేదు.

హాల్లో పై టైల్స్ తీయడం అనుకున్నదానికంటే తేలికైంది. పాత నేలకు ఏళ్ల తరబడి పట్టించిన మైనం, నూనె వల్ల పై సిమెంటు సరిగ్గా అంటుకోలేదు. గోడ అంచు నుంచి వెడల్పాటి ఉలి పడుకోబెట్టి తోస్తుంటే అట్టలు అట్టలుగా లేచింది. గది మధ్యకు వచ్చేసరికి మాత్రం మా ప్రాణం ఉసూరుమంది. సిమెంటు పట్టు కోసం అప్పటి పనివాళ్లు పాత పలకల మీద ఉలితో గాట్లు పెట్టారు. జానెడు ఎడంలో, వరసగా, పువ్వు మధ్యలో ఒకటి, అంచు తీగ మీద ఒకటి. బాగా లోతైన వాటిలో రంగు కలిపిన సున్నం, సిమెంటు ముద్ద నింపాం. పైపై గాట్లు అలాగే వదిలేశాం. వాటిని పోగొట్టాలంటే మెషీన్ పెట్టాలి, అది వద్దనుకున్నాం కదా.

ఆ తర్వాత తేమ. ఇలాంటి పాత నేలల కింద చాలాసార్లు చెమ్మను ఆపే పొర ఉండదు, కింది తేమ నేల గుండానే మెల్లగా బయటికి పోతుంది. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నేల మీద నాలుగు వైపులా టేపుతో అతికించి, కనీసం 16 గంటలు వదిలేసి చూస్తే తెలుస్తుంది. హాలు మధ్యలో పొడిగా ఉంది. తూర్పు గోడ పక్కన షీటు లోపల నీటి బిందువులు పట్టాయి, అక్కడే పలకల మీద తెల్లగా ఉప్పు పూస్తోంది. బయట చూస్తే డాబా మీది వాన నీళ్ల గొట్టం జాయింటు దగ్గర కారి గోడ పునాదిలోకి ఇంకుతోంది. గొట్టం మార్పించి నేలను ఆరనిచ్చాం. ఆ ఉప్పును నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది, ఆరాక తిరిగి పూస్తుంది. పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తేయాలి. తేమ తగ్గకుండా పైన సీలర్ (నీళ్లు, మరకలు ఇంకకుండా పూసే ద్రవం) వేసుంటే ఉప్పు లోపలే గడ్డకట్టి రంగు పొరను పెచ్చులుగా లేపేది.

శుభ్రం చేయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గోరువెచ్చని నీళ్లు, యాసిడ్ గానీ క్షారం గానీ లేని సబ్బు, నైలాన్ బ్రష్, ఓపిక. నూనె మరకలకు సుద్ద పొడిని సాల్వెంట్‌తో ముద్ద చేసి పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి వదిలేస్తే ఆ ముద్ద నూనెను లాక్కుంటుంది. చివర్లో లోపలికి ఇంకి, పైన పొర కట్టని సీలర్ వేయించాం. మెరుపు లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "ఇంకా పాలిష్ చేయించలేదా?" అని అడుగుతూనే ఉన్నారు.

వంటగది ఎర్ర గచ్చును దాదాపు ముట్టుకోలేదు. వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి. పాత ఎరుపుకు సరిపోయే మిశ్రమం కోసం కొన్ని నమూనాలు చేయించాను, తడిగా ఉన్నప్పుడు సరిపోయినట్టే ఉండి ఆరాక పాలిపోయాయి. ఎరుపు కోసం కలిపే ఆక్సైడ్ రంగు పొడి ఇంకాస్త వేద్దామంటే సిమెంటు బరువులో పదో వంతు దాటితే పట్టు తగ్గుతుంది. కొత్త మాసిక కంటే పాత పగులే నయమనిపించింది.

హాల్లో పూర్తిగా ముక్కలైన పలకలకు బదులు అల్మారాల లోపలివి, మంచం కిందికి వచ్చేవి తీసి పెట్టాం. తీసే ముందు ప్రతి పలకకూ టేపు మీద నంబరు, ఫొటో. మళ్లీ పరిచేటప్పుడు రబ్బరు సుత్తితో కొట్టకుండా చేత్తోనే అదిమారు, కొడితే సన్నటి పగుళ్లు వస్తాయి. సందులు నింపేముందే సీలర్ ఒక చేయి వేశారు, లేకపోతే ముదురు రంగు గ్రౌట్ మీగడ రంగులోకి దిగిపోతుంది. బోర్డరు పలకలు మాత్రం చాలలేదు. చేతి ప్రెస్ మీద ఇప్పటికీ ఇవి చేసేవాళ్ల దగ్గర కొత్తవి చేయించాం. అచ్చం పాతవాటిలా కనిపించేలా రంగు మాపించి ఇస్తామన్నారు, వద్దన్నాను. పాడైన భాగాన్ని మార్చినప్పుడు అది మిగతా వాటితో కలిసిపోవాలి గానీ కొత్తదని తెలియాలి కూడా అని పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతుంది. డిజైన్ అదే, రంగు ఒక పిసరు తేట. తర్వాత ఎవరైనా పీకి చూస్తే తెలిసేలా వెనక వైపు తయారైన సంవత్సరం అచ్చువేయించాం. మిగిలిన నాలుగైదు పలకలు, నంబర్ల ఫొటోలు, వాడిన సీలర్ వివరాలు అల్మారా అడుగు అరలో పెట్టాను.