గదిలో వద్దన్న బిల్లుకు సభలో మద్దతు

ఇటీవల ఒక నమూనా పార్లమెంటులో రవాణా మంత్రి పాత్ర వేసేదాకా, మంత్రివర్గమంటే ప్రధాని చెప్పినదానికి తలూపే బృందమనే అనుకునేదాన్ని. ఇంధన పన్ను పెంపు బిల్లు వద్దని తలుపులు మూసిన గదిలో అరగంట వాదించాను. చివరికి ఓటింగేమీ జరగలేదు. ప్రధాని పాత్రధారిణి చర్చ సారాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పి, అదే మా అందరి నిర్ణయమని కార్యదర్శి చేత రాయించింది. వెస్ట్‌మినిస్టర్ తరహా, అంటే బ్రిటిష్ పార్లమెంటు పద్ధతిలో నడిచే, మంత్రివర్గాల్లో సాధారణంగా జరిగేదీ ఇదే.

అసలు కష్టం మర్నాడు సభలో ఎదురైంది. "మంత్రిగారూ, ఈ పన్ను మీకు సమ్మతమేనా?" అని ప్రతిపక్ష సభ్యుడు అడిగినప్పుడు చేతిలోని కాగితం వణికింది. "ఇది ప్రభుత్వ నిర్ణయం" అన్నాను. సమష్టి బాధ్యత అనే సూత్రం ప్రకారం మంత్రికి ఉన్నవి రెండే దారులు: నిర్ణయాన్ని సమర్థించడం, లేదా రాజీనామా చేయడం. బ్రిటన్‌లో 1975 నాటి ప్రజాభిప్రాయ సేకరణ సమయంలో, యూరోపియన్ కమ్యూనిటీలో కొనసాగాలా వద్దా అన్న విషయంపై మంత్రులు బహిరంగంగా విభేదించేందుకు ప్రధాని హెరాల్డ్ విల్సన్ అనుమతించారు గానీ, అలాంటి సడలింపులు అరుదు. (నాకు మాత్రం ఎవరూ సడలించలేదు.)

అదే దేశంలో 1979 మార్చిలో జేమ్స్ కాలహన్ ప్రభుత్వం 311–310 తేడాతో, అంటే ఒక్క ఓటుతో, అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయి ఎన్నికలకు వెళ్లింది. మా ప్రభుత్వం రెండు ఓట్లతో పడిపోయింది. పన్ను వద్దన్న నేను కూడా, దాన్ని ప్రతిపాదించిన ఆర్థిక మంత్రితో పాటే లేచి, కుర్చీ ఖాళీ చేశాను.