ఇయర్‌బడ్స్ డబ్బీకి చేర్యాల ముఖం

చెల్లెలి ఇయర్‌బడ్స్ డబ్బీకి ఇప్పుడు ఒక చేర్యాల ముఖం, అంటే చేర్యాల ఊరి చేతిపని బొమ్మముఖం, వేలాడుతోంది. రంపపు పొట్టును చింతగింజల జిగురుతో ముద్ద చేసి, ఆరబెట్టి, రంగులద్దిన ఆ బుల్లి ముఖానికి పెద్ద కళ్లు, నుదుట ఎర్రబొట్టు, ఒకవైపు కాస్త లావైన మీసం ఉన్నాయి. యంత్రం పోతపోసిన నున్నటి తెల్లడబ్బీకి ఆ చేతిగీత తోడయ్యాక, ఎక్కడపడితే అక్కడ పడేసే వస్తువును ఆమె పసిపాపలా చూసుకుంటోంది.

2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల అంతకుముందు మన వరంగల్ జిల్లాదే కనుక, నాకు ఆ ముఖంపై మమకారం మరింత ఎక్కువ.

పాత నోకియా ఫోన్లలో చాలావాటికి తాడు కట్టుకునే చిన్న రంధ్రం ఉండేది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో అది దాదాపు కనుమరుగైంది. 2022లో వచ్చిన రెండో తరం ఎయిర్‌పాడ్స్ ప్రో ఇయర్‌బడ్స్ డబ్బీకి యాపిల్ తాడు కట్టే చోటు ఇవ్వడం ఎంతో మంచి పని. ఫోన్ వెనుక లోహపు బొమ్మలు అతికిస్తే వైర్‌లెస్ చార్జింగ్‌కు అడ్డుపడతాయి కాబట్టి, వేలాడే అలంకారమే మేలని నా అభిప్రాయం.

హన్మకొండ చౌరస్తాలో కవర్లు అమ్మేవారు ప్లాస్టిక్ ఎలుగుబంట్ల పక్కన ఈ ముఖాలనూ వేలాడదీయాలని నా గట్టి కోరిక.