45 సెకన్లలోపు: 22 వారాల క్యూబ్ నోట్‌బుక్

రూబిక్స్ క్యూబ్ సాల్వ్ చేయడం నేర్చుకుని ఏడాది దాటింది. వేగం మీద గట్టిగా కూర్చున్నది మాత్రం గత 22 వారాలుగానే. ఈ 22 వారాలూ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. నిన్న మొదటి పేజీ నుంచి తిరగేస్తుంటే, నన్ను ముందుకు తీసుకెళ్లింది ఏమిటో, ఊరికే తిప్పలు పెట్టింది ఏమిటో విడివిడిగా కనిపించింది. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఈ నోట్‌బుక్ కంటే ముందు ఇంకొకటి ఉంది. అందులో ఐదు లక్ష్యాలు రాసుకున్నాను: 30 సెకన్లలోపు రావాలి, ఓఎల్ఎల్‌లో (ఆఖరి పొర పై ముఖమంతా ఒకే రంగుకు తెచ్చే దశ) ఉన్న 57 ఆల్గరిథమ్‌లూ (వరసగా తిప్పాల్సిన మూవ్‌ల జాబితాలు) కంఠతా రావాలి, ఒంటి చేత్తో సాల్వ్ చేయాలి, కళ్లకు గంతలు కట్టుకుని చేయాలి, 4×4 క్యూబ్ (వరసకు నాలుగేసి గళ్లు ఉండేది) కూడా నేర్చుకోవాలి. రోజూ రాసే గళ్లు తొమ్మిది. ఎన్ని సాల్వ్‌లు, ఎన్ని నిమిషాలు, ఉత్తమ సమయం, చెత్త సమయం, కొత్తగా నేర్చుకున్నవి, మర్చిపోయినవి, ఇలా. ఒకరోజు 4×4 పట్టుకుంటే మర్నాడు ఓఎల్ఎల్, ఆ మర్నాడు ఒంటి చెయ్యి. మూడు నెలలయ్యాక చూస్తే గళ్లన్నీ నిండి ఉన్నాయి కానీ, నేను బాగుపడ్డానా లేదా అన్న ఒక్క ప్రశ్నకు ఆ పేజీల్లో ఎక్కడా జవాబు లేదు. నాకు నిజంగా బాధేసింది. ఇష్టంతో చేస్తున్న పని బరువైపోయింది.

అందుకే కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకే వాక్యం రాశాను: "12 సాల్వ్‌ల సగటు 45 సెకన్లలోపు రావాలి." అంతే. మిగతా నాలుగూ తర్వాత.

రాసేవి కూడా రెండుకు తగ్గించాను. ప్రాక్టీస్ చేసిన రోజు ఒక టిక్కు, ఆదివారం సాయంత్రం ఒక సగటు. టిక్కు పడాలంటే పదిహేను నిమిషాలు చేస్తే చాలు. బాగా చేశానా లేదా అన్నది టిక్కుకు సంబంధం లేదు.

సగటు తీసే పద్ధతి మాత్రం మొదటి వారం నుంచి ఇప్పటివరకు మార్చలేదు. అదే క్యూబ్, అదే బల్ల, చేతులు వేడెక్కడానికి ముందు ఐదు సాల్వ్‌లు. తర్వాత టైమర్ ఇచ్చే స్క్రాంబుల్‌తో (క్యూబ్‌ను ఎలా కలిపేయాలో చెప్పే మూవ్‌ల వరస) 12 సాల్వ్‌లు. ప్రతిదానికీ ముందు క్యూబ్ చూసుకోవడానికి 15 సెకన్లు, పోటీల్లో ఇచ్చేంతే. పన్నెండింటిలో అన్నిటికన్నా మంచిదీ అన్నిటికన్నా చెడ్డదీ తీసేసి, మిగిలిన పదింటినీ కూడి పదితో భాగించాలి. చివర్లో ఒక పొర 45 డిగ్రీల కంటే ఎక్కువ పక్కకు జరిగి ఆగితే పోటీ నియమం ప్రకారం 2 సెకన్లు కలుపుతారు, నేనూ కలుపుతాను. మొదట్లో "ఇంట్లోనే కదా" అని వదిలేయాలనిపించేది. కానీ ఒకసారి వదిలేస్తే ఆ అంకెను మళ్లీ నమ్మలేను.

మొదటి వారాలు

మొదటి ఆదివారం 71.4, రెండో ఆదివారం 70.2. అప్పటికి నాది కొత్తవాళ్ల పద్ధతి: కింద తెల్ల క్రాస్ (ప్లస్ గుర్తు), తర్వాత నాలుగు మూలలు, తర్వాత మధ్య పొర, ఆపైన పసుపు పొర.

మూడో వారం ఎఫ్2ఎల్ మొదలుపెట్టాను. మూల ముక్కనూ దాని పక్కన కూర్చోవాల్సిన అంచు ముక్కనూ ముందే జత చేసి, రెండింటినీ ఒకేసారి లోపలికి దించడం ఇందులోని కిటుకు. ఇలా నాలుగు జతలు దించితే రెండు పొరలూ ఒకేసారి పూర్తవుతాయి. ఆ ఆదివారం సగటు 83.6 వచ్చింది. పదమూడు సెకన్లు వెనక్కి! నాలుగో వారం 79.1. పాత పద్ధతికి వెళ్లిపోదామని ఎంత అనిపించిందో చెప్పలేను. కానీ ఎందుకు పెరిగిందో తెలుసు కాబట్టి తట్టుకోగలిగాను. 3వ వారం పక్కన "ఎఫ్2ఎల్ మొదలు" అని రెండు మాటలు రాసి ఉన్నాయి. ఆ రెండు మాటలు లేకపోతే ఆ 83.6 నన్ను ఆపేసేదే. ఐదో వారానికి 72.5, అంటే పోయిందంతా దాదాపు తిరిగి వచ్చేసింది.

ఆఖరి పొరకు 57 ఓఎల్ఎల్, 21 పీఎల్ఎల్ (ఓఎల్ఎల్ అయ్యాక ఆ పొర ముక్కలను వాటి వాటి చోట్లకు చేర్చే దశ) మొత్తం నేర్చుకోకుండా రెండేసి అడుగుల్లో చేసే పద్ధతి తీసుకున్నాను. దానికి ఓఎల్ఎల్‌కు పది, పీఎల్ఎల్‌కు ఆరు, మొత్తం 16 ఆల్గరిథమ్‌లు చాలు. 45 సెకన్లకు ఇంతకుమించి అక్కర్లేదు. లక్ష్యం ఒక్కటే అయితే ఏది వదిలేయాలో కూడా అదే చెప్పేస్తుంది.

6వ వారం: 38.21

బుధవారం ఒక సాల్వ్ 38.21 లో అయిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఓఎల్ఎల్ అవగానే చూస్తే పీఎల్ఎల్ చేయాల్సిన పనే లేదు, పై పొర ఒక్కసారి తిప్పితే క్యూబ్ మొత్తం కలిసిపోయింది. దీన్ని పీఎల్ఎల్ స్కిప్ అంటారు, 72 సార్లలో ఒకసారి వస్తుంది. ఆ వారం ఆదివారం సగటు 66.0.

ఈ రెండు అంకెలు పక్కపక్కన చూశాక ఉత్తమ సమయం రాయడం మానేశాను. 38.21 నిజమే, కానీ అది ఆ స్క్రాంబుల్ ఇచ్చింది. 66.0 నాది.

9 నుంచి 11: కదలిక లేదు

ఏడో వారం 63.3, ఎనిమిదో వారం 60.4, తొమ్మిదో వారం 57.8. తర్వాత 58.1, ఆ తర్వాత 57.4. మూడు వారాలు ఒకే చోట. సగటు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ ఊగడం మామూలే, ఒక్క వారం పెరిగిందని ఏమీ మార్చకూడదని అప్పటికే తెలుసుకున్నాను. మూడు వారాలు వరుసగా కదలకపోతే మాత్రం ఏదో ఒకటి మార్చాలని నియమం పెట్టుకున్నాను. ఆ నియమం నాకు చేసినంత మేలు ఏ ఆల్గరిథమూ చేయలేదు.

నా అనుమానం ఆఖరి పొర మీద. ఓఎల్ఎల్ మొత్తం 57 నేర్చుకోవడానికి సిద్ధమైపోయాను కూడా. ముందు ఒకసారి చూసుకుందామని ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి, చేతులు మాత్రం కనిపించేలా ఐదు సాల్వ్‌లు వీడియో తీశాను. ఎక్కడెక్కడ ఎంత సమయం పోయిందో రాసుకుని సగటు చూస్తే: క్రాస్ 7 సెకన్లు, ఎఫ్2ఎల్ 31, ఓఎల్ఎల్ 10, పీఎల్ఎల్ 9.

ఎఫ్2ఎల్ 31. సగం కంటే ఎక్కువ!

వీడియో నెమ్మదిగా పెట్టి మళ్లీ చూశాను. ఒక జత దించగానే చేతులు ఆగిపోతాయి. క్యూబ్‌ను కుడికి తిప్పి చూస్తాను, ఇంకోసారి తిప్పుతాను, వెనక్కి వంచి చూస్తాను. కావలసిన అంచు ముక్క ఎప్పుడూ వెనక ఎడమ మూలలో దాక్కుని ఉంటుంది. దొరికాక మళ్లీ వెనక్కి తిప్పుతాను. ఈ వెతుకులాటలో ఒక్క మూవ్ కూడా లేదు.

అప్పుడు చిన్న లెక్క వేశాను. ఎంత కలిపేసిన క్యూబ్‌నైనా 20 లేదా అంతకంటే తక్కువ మూవ్‌లలో సాల్వ్ చేయొచ్చని 2010లో కంప్యూటర్ల సాయంతో నిరూపించారు. మనిషి కళ్లకు ఆ దారి కనపడదు కాబట్టి మనకు ఎక్కువ మూవ్‌లు పడతాయి. వీడియోలో ఒక సాల్వ్ లెక్కపెడితే నావి 72. టీ-పర్మ్ అనే ఆల్గరిథమ్‌లో 14 మూవ్‌లు ఉంటాయి, అది నాకు 4 సెకన్లలో వచ్చేస్తుంది. అదే వేగంతో 72 మూవ్‌లకు పట్టాల్సింది దాదాపు 21 సెకన్లు. నాకు పడుతున్నది 57. అంటే 36 సెకన్లు నా చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇన్ని వారాలూ వేళ్ల వేగం పెంచడానికి కష్టపడ్డాను. వేళ్లలో లోపమే లేదు.

మెట్రోనోమ్

పన్నెండో వారం నుంచి ప్రాక్టీస్ మొత్తం మార్చేశాను. మెట్రోనోమ్‌ను (సమాన వ్యవధిలో టక్ టక్ మని కొట్టే తాళం యంత్రం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకు ఒక మూవ్ చొప్పున ఎఫ్2ఎల్ మాత్రమే చేశాను. నియమం ఒకటే, ఎక్కడా ఆగకూడదు. మొదటి జతను దించుతున్నప్పుడే కళ్లు రెండో జత కోసం వెతకాలి. చేతి వైపు చూడకూడదు. చాలా కష్టం! మొదటి రోజు రెండు జతల తర్వాత ప్రతిసారీ దెబ్బ తప్పింది. మూడు రోజులయ్యాక దించుతున్న ముక్కను వదిలేసి, పై పొరలో ఇంకో మూల ఎటు వెళ్తోందో చూడడం కాస్త అలవాటైంది. వారం చివరికి 70 దెబ్బలు, ఆ తర్వాత 80.

ఆ ఆదివారం 59.0. పెరిగింది. ఈసారి కంగారు పడలేదు, 3వ వారం పేజీ గుర్తుంది. పదమూడో వారం 54.2, పద్నాలుగో వారం 51.7.

పదిహేనో వారం గడిలో గీత మాత్రమే ఉంది. కుడి మణికట్టు నొప్పి చేసి వారమంతా క్యూబ్ ముట్టుకోలేదు. పాత నోట్‌బుక్ అయితే ఆ ఖాళీని ఎలాగోలా నింపేదాన్ని. ఇందులో గీత గీసి "మణికట్టు" అని రాశాను. పదహారో వారం 52.9 రావడానికి కారణం ఆ గీతే చెబుతోంది. అప్పటి నుంచి పది సాల్వ్‌లకోసారి చేతులు విదిలించి రెండు నిమిషాలు ఆగుతున్నాను.

తర్వాత 50.3, 48.6, 47.9. పందొమ్మిదో వారంలో క్యూబ్ బిగుసుకుపోయి కొత్తది కొందామనిపించింది. కొంటే మెరుగుదల నాదో క్యూబ్‌దో తెలియదు. అందుకని లోపల శుభ్రం చేసి, రెండు చుక్కల సిలికాన్ లూబ్ వేసి, ఆ సంగతి తేదీ పక్కన రాసుకున్నాను. ఇరవయ్యో వారం 45.6. ఇందులో కొంత లూబ్ పుణ్యం ఉండొచ్చు. 21వ వారం 44.7. 22వ వారం 44.1.

మొన్న మళ్లీ ఐదు సాల్వ్‌లు వీడియో తీశాను. క్రాస్ 5, ఎఫ్2ఎల్ 22, ఓఎల్ఎల్ 9, పీఎల్ఎల్ 8. పదకొండో వారం నుంచి తగ్గిన పదమూడు సెకన్లలో తొమ్మిది ఎఫ్2ఎల్‌వే. ఈ మధ్యలో నేను కొత్తగా నేర్చుకున్న ఆల్గరిథమ్ ఒక్కటి కూడా లేదు.

45 లోపు వచ్చింది కదా అని మొదటి పేజీలో వాక్యం కొట్టేయడానికి పెన్ను తీశాను, కానీ ఆగాను. కదలిక లేదనడానికి మూడు వారాలు చూసినప్పుడు, చేరానని చెప్పడానికి కూడా మూడు వారాలు చూడాలి. వరుసగా రెండు అయ్యాయి. మూడోది ఈ ఆదివారం. మెట్రోనోమ్ ఇప్పుడు 100 దగ్గర ఉంది, నాలుగో జత దగ్గర ఇంకా ఒక దెబ్బ తప్పుతోంది.