అమ్మాయి రైఫిల్‌కు వంద గ్రాముల ఇత్తడి రింగు

నిన్న సాయంత్రం రింగు బిగించాం. మనసులో మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఈ రోజే రాస్తున్నా.

మా అమ్మాయి ఆడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పోతుంది, మందుగుండు ఉండదు. టార్గెట్ మధ్యలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. 60 షాట్లు 75 నిమిషాల్లో నిలబడి కాల్చాలి. నలభై షాట్లు దాటితే రైఫిల్ గొట్టం (బ్యారెల్) మూతి అటూ ఇటూ ఊగుతోందని పిల్ల బాధపడుతుంటే కోచ్ చూసి, ముందు వైపు బరువు చాలలేదన్నారు. బ్యారెల్ చివర కొంచెం బరువు పడితే ఊగడం పూర్తిగా ఆగదు గానీ నిదానిస్తుంది. ఆ నిదానంలోనే ట్రిగ్గర్ నొక్కే సందు దొరుకుతుంది. బయటి దేశం నుంచి ఆ బరువు రింగు తెప్పిస్తే వేలల్లో ఖర్చు. ఇత్తడి ముక్కే కదా, కర్నూల్లో చేయించలేమా అనుకున్నా.

లెక్క నేనే వేశా. బయటి వ్యాసం 36, లోపల 22, పొడవు 20 మిల్లీమీటర్లు. ఇత్తడి ఘనపు సెంటీమీటరుకు ఎనిమిదిన్నర గ్రాములు. మొత్తం 108 గ్రాములు. గ్రాఫ్ కాగితం మీద డ్రాయింగ్ గీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని కల్లూరు ఎస్టేట్‌లో ఒక లేత్ షాపుకు పోయాం.

"ఏం సామానప్పా ఇది?"

"రైఫిల్ బ్యారెల్‌కు తొడిగే రింగన్నా."

మిషన్ ఆపేశాడు. చక్ (ముక్కను పట్టి తిప్పే భాగం) తిరగడం ఆగే లోపే గొంతు లేచింది. "తుపాకీ సామాన్లు మేం చేయం. రేపు కేసైతే నువ్వొస్తావా?" బోరు మోటారు షాఫ్ట్ చేయించుకోను వచ్చిన ఇద్దరు తిరిగి చూశారు. అందులో ఒకాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏ ఊరప్పా మీది?" అన్నాడు. మన దిక్కు ఆ ప్రశ్న అట్లా అడిగితే ఊరి పేరు కోసం కాదు, ఏ వర్గమని. ఒంట్లో రక్తం ముఖంలోకి వచ్చింది. ఇది ఆట వస్తువని, 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఇట్లాంటి రైఫిల్‌తోనేనని చెప్పా. మా అమ్మాయి ఫోన్‌లో పోటీ రూల్స్ తీసి చూపించబోయింది. షాపాయన ఫోన్ వైపు చూడలేదు. నా డ్రాయింగ్ అందుకుని బల్ల మీద పరిచి ఫోటో తీసుకున్నాడు. "ఎందుకన్నా ఫోటో?" అంటే జవాబు లేదు. ట్రాక్‌సూట్‌లో నిలబడిన నా బిడ్డ ముందర నన్ను దొంగను చేసి నిలబెట్టాడు. "పోదాం పా నాన్నా" అని అది నా చెయ్యి పట్టుకుని లాగేదాకా నాకు కాళ్లు కదల్లేదు.

సీమ అంటే బాంబులు, వేట కొడవళ్లు అని బయటివాళ్లు అనుకుంటే ఒక బాధ. మన ఊళ్లో మనవాడే మన పిల్లను అట్లా చూస్తే ఆ బాధను ఏమనాలి? లండన్‌లో 2012లో ఇదే ఆటలో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. ఆయన ఇంటివాళ్లను ఎవరైనా ఏ ఊరని అడిగి ఉంటారా?

మీరూ ఇట్లాంటిది చేయించను పోయేటప్పుడు మాత్రం కోచ్ రాసిన లెటర్, పిల్ల పోటీ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని పోండి. మిషన్ సామాననో, పైపు రింగనో అబద్ధం చెప్పొద్దు. తర్వాత తెలిస్తే నిజంగానే అనుమానిస్తారు.

రెండో షాపులో ఒక పెద్దాయన. లెటర్ తీస్తుంటే వద్దని, "లోపలి కొలత ఎంత టైటుగా రావాల?" అని అడిగాడు. అంతే. ఇత్తడి రాడ్డు కోసి, బోరు చేసి, అంచులు గుండ్రం చేసి, పక్కన చిన్న గ్రబ్ స్క్రూకు (తల లేని బిగింపు మర) చిల్లు వేసి ట్యాప్‌తో లోపల మర గాడి తీశాడు. వేడి దిగకముందే చేతిలో పెట్టాడు. తెలిసిన బంగారు కొట్లో తూకం వేయిస్తే 105 గ్రాములు. నా లెక్కకు మూడు గ్రాముల తేడా, అదీ అంచులు తీసినందుకే. ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా ఇంత దగ్గరగా వేయలేరు.

లోపల పలుచని ఫెల్టు అంటించి తొడిగాం, బ్యారెల్ మీద గీత పడకుండా. రైఫిల్‌కు మాత్రం ఎక్కడా చిల్లు వేయొద్దు, గాలి సిలిండర్ జోలికి అసలు పోవద్దు. అందులో 200 బార్ ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండు వందల రెట్లు ఉంటుంది. పోటీలో రైఫిల్ బరువు అన్నీ కలిపి 5.5 కిలోలు దాటకూడదు. మాది 5.43 వచ్చింది.

నిన్న 60 షాట్లూ కాల్చింది. యాభయ్యో షాటు దగ్గర తల తిప్పి నా వైపు చూసి, మళ్లీ చెంప రైఫిల్‌కు ఆనించింది. ఇంకో 40 గ్రాములు ముందుకు కావాలంటోంది. డ్రాయింగ్ గీసి పెట్టా, సోమవారం ఆ పెద్దాయన దగ్గరికే పోతున్నాం.