ఇంపర్ఫెక్ట్‌తో ఇరవై రోజులు

1వ రోజు: స్పానిష్‌లో ప్రెజెంట్ టెన్స్ ఓ దారికొచ్చింది కాబట్టి ఇంపర్ఫెక్ట్ (గతంలో అలవాటుగా చేసినవీ, జరుగుతూ ఉన్నవీ చెప్పే రూపం) మొదలుపెట్టాను. ఆబ్లార్ అంటే మాట్లాడటం (రాతలో ముందు హెచ్ ఉంటుంది, పలకం). చివరి ఆర్ తీసేసి ఆబా, ఆబాస్, ఆబా, ఆబమోస్, ఆబాయిస్, ఆబాన్ తగిలించాలి (వరసగా నేను, నువ్వు, అతను/ఆమె, మేము, మీరంతా, వాళ్లు). 'మీరంతా'కి ఆబాయిస్ వాడుక ఎక్కువగా స్పెయిన్‌లోనే. లాటిన్ అమెరికాలో ఆ పని కూడా ఆబాన్‌దే. ఆరు రూపాలూ చూడకుండా చెప్పడానికి నాకు నలభై సెకన్లు పట్టింది.

3వ రోజు: కొమేర్, తినడం. కొమీయా, కొమీయాస్, కొమీయా, కొమీయామోస్... ఐఆర్‌తో ముగిసే క్రియలకూ ఇవే తోకలు. అంటే రెండు వరసలు నేర్చుకుంటే మూడు గుంపులూ (ఏఆర్, ఈఆర్, ఐఆర్) అయిపోయినట్టే. ఇక్కడ ఆరు రూపాల్లోనూ ఐ మీద గీత పెట్టాలి. ఆబ్లార్ వరసలో గీత 'మేము' రూపానికి మాత్రమే.

6వ రోజు: రికార్డ్ చేసుకుని విన్నాను. 'ఆబ్లబామోస్' అని 'బా' మీద బరువు వేసి లాగుతున్నాను. తప్పు. ఆరు రూపాల్లోనూ ఊనిక 'బ్లా' మీదే నిలవాలి. టేబుల్ మీద వేలితో 'బ్లా' దగ్గర తడుతూ ఇరవై సార్లు చెప్పాక కుదిరింది.

9వ రోజు: అసలు సంగతి ఇవాళ తెలిసింది. ఇంగ్లిష్‌లోంచి ఆలోచిస్తూ ఇన్నాళ్లూ అవస్థ పడ్డాను గానీ, మనకు 'తినేదాన్ని' ఉంది కదా! చిన్నప్పుడు రోజూ తినేదాన్ని: కొమీయా. నిన్న తిన్నాను: కొమీ, అది ప్రెటెరిట్ (జరిగి ముగిసిపోయిన పనికి వాడే రూపం). తెలుగులో అనుకుని చూస్తే ఏది వాడాలో సగం సార్లు దానంతట అదే తేలిపోతోంది.

మిగతా సగం? 'తింటుండగా ఫోన్ మోగింది' అన్నప్పుడు కూడా తినడానికి కొమీయానే, మోగడానికి ప్రెటెరిట్. వయసు చెప్పేటప్పుడూ అంతే: 'నాకు పదేళ్లప్పుడు' అనాలంటే క్వాండో తెనీయా దియెస్ ఆన్యోస్. ఇవి 'తినేదాన్ని' లెక్కలోకి రావు, విడిగా రాసి పెట్టుకున్నాను.

12వ రోజు: నేను తినేదాన్ని, అతను తినేవాడు, ఆమె తినేది, మీరు తినేవారు (ఒక్కరే అయితే). ఈ నాలుగింటికీ ఒకటే కొమీయా! తెలుగులో 'నేను' వదిలేసినా క్రియను బట్టి తెలిసిపోతుంది. ఆ అలవాటుతో నేను రాసిన పేరాలో ఎవరు తిన్నారో మర్నాటికి నాకే అర్థం కాలేదు. అయోమయం ఉన్న చోట యో (నేను), ఎల్ (అతను), ఎయా (ఆమె) పెట్టి తిరగరాశాను.

15వ రోజు: దారి తప్పే క్రియలు మూడే: సేర్, అంటే ఉండటం (ఎరా), ఈర్, వెళ్లడం (ఈబా), బేర్, చూడటం (బేయీయా). ప్రెజెంట్‌లో ఏడిపించిన తెనేర్ (కలిగి ఉండటం), పొదేర్ (చేయగలగడం), కెరేర్ (కోరుకోవడం) ఇక్కడ బుద్ధిగా తెనీయా, పొదీయా, కెరీయా అంటాయి. ప్రెజెంట్ కంటే ముందు దీన్నే నేర్పాల్సింది అనిపించింది.

20వ రోజు: ఆబ్లార్ ఆరు రూపాలు తొమ్మిది సెకన్లలో. బిబీర్ (నివసించడం) మాత్రం ఇంకా పద్నాలుగు. 'బిబీయామోస్' దగ్గర నాలుక తడబడుతోంది. రేపు ఆ ఒక్కటే.