మధ్యాహ్నం గడిస్తే చాలు: పల్నాడు ఎండల్లో పిల్లలతో సెలవులు

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. అంటే వేసవి సెలవులు నాకూ పిల్లలకే తప్ప ఆవిడకి లేవు. 2025లో ఏప్రిల్ 24 నుంచి సెలవులిచ్చి జూన్ 12న బడులు తెరిచారు. అన్నాళ్లూ ఏడేళ్ల పెద్దాడికీ, నాలుగేళ్ల చిన్నదానికీ పగటిపూట దిక్కు నేనే. ఉండేది నరసరావుపేటలో, అద్దెకి, పై పోర్షన్. నెత్తిన స్లాబు, స్లాబు మీద సూర్యుడు, మధ్యలో ఇంకేం లేదు. మా వైపు ఎండల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రెంటచింతల పేరు లేకుండా ఎండాకాలం పేపర్లు నడవవు.

సెలవులు రాగానే తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే. "పిల్లల్ని ఏ సమ్మర్ క్యాంపులో వేశారు సార్?" నేను వేయలేదు. డబ్బు సంగతి అటుంచండి, ఆ క్యాంపులు నడిచేది పొద్దున ఏడు నుంచి పదిదాకా. ఆ వేళప్పుడు పిల్లలకి మన సాయం ఏం కావాలి? కాసిని నీళ్లు, కాస్త మట్టి ఉంటే వాళ్లే చూసుకుంటారు. సాయంత్రం ఐదు దాటాకా అంతే. కష్టమంతా పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా. బయటికి పంపలేం, లోపల ఉంచలేం. ఆ ఐదు గంటలకి ఏదో ఒక దారి చూస్తే వేసవి దాటేసినట్టేనని నా లెక్క.

ముందు ఇంటి వేడి. మధ్యాహ్నం రెండింటికి పరుపు మీద చెయ్యి వేస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది. హాల్లో గోడకి తగిలించిన థర్మామీటరు 39 దగ్గర ఆడుతుండేది. ఫ్యాను వేస్తే పైన ఉన్న వేడంతా కిందికి దిగేది. మన చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉంటే, ఒంట్లో వేడి గాలికి పోవడానికి బదులు గాలిలో వేడే ఒంట్లోకి వస్తుంది. ఇక చెమట ఆరడం ఒక్కటే ఆధారం. అందుకే 40 దాటితే ఫ్యాను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. కూలరు ఉంది. మాది పొడిగాలి కాబట్టి బాగానే పనిచేస్తుంది, సముద్రం పక్క ఊళ్లలోలాగా ఒళ్లు జిగటెక్కదు. కాకపోతే ఎదురుగా ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగించి కూలరేస్తే గంటలో ఉక్కపోతే మిగులుతుంది. అన్నీ చేసినా స్లాబు మాత్రం రాత్రి పదకొండుదాకా కాగుతూనే ఉండేది.

ఓనరుగారిని అడిగితే "సున్నం కొట్టుకోండి మాస్టారూ, నాకేం అభ్యంతరం లేదు, ఖర్చు మాత్రం నన్నడక్కండి" అన్నారు. పిడుగురాళ్ల మాకు దగ్గరే, సున్నం బట్టీల ఊరు. అక్కడ పనిచేసే మా తోటి మాస్టారొకాయన తెలిసిన బట్టీ నుంచి రాళ్ల సున్నం బస్తాలు ఆటోలో వేయించాడు.

ఇది పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తగా చేయాల్సిన పని. ప్లాస్టిక్ డ్రమ్ము పనికిరాదు, ఆ వేడికి మెత్తబడిపోతుంది. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో సున్నం కొంచెం కొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే ఎగిరి మొహాన పడుతుంది, చుక్క కంట్లో పడితే చూపుకే మోసం. చిన్నదాన్ని ఆ పూట కింద పోర్షన్ అత్తయ్యగారింట్లో కూర్చోబెట్టాం. పెద్దాడు మెట్ల గది గుమ్మం దాటనని నాయనమ్మ మీద ఒట్టేసి అక్కడ నిలబడ్డాడు. మొదటి గడ్డలు పడగానే సుయ్యిమంది, కాసేపటికి డ్రమ్మంతా కుతకుత ఉడికింది, తెల్లటి ఆవిరి.

"నాన్నా, పొయ్యి లేకుండా నీళ్లెట్టా కాగుతున్నయ్?"

తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ ప్రశ్న అడిగించడానికి నేను పడే పాట్లు నాకే తెలుసు. వాడికి సమీకరణాలు లేకుండా చెప్పాను. రాయిని బట్టీలో కాలిస్తే అందులో ఉన్న గ్యాసు పోయి సున్నమవుతుంది, అది నీళ్లు తాగేటప్పుడు వేడి వదులుతుంది, డాబా మీద పూశాక గాలిలోంచి మళ్లీ ఆ గ్యాసునే పీల్చుకుని రాయవుతుంది. "అయితే మన డాబా రాయైపోద్దా?" అన్నాడు. పైన పలచటి పొర మాత్రం అవుతుందన్నాను. అది వాడికి అంతగా నచ్చలేదు.

సున్నాన్ని రెండ్రోజులు నాననిచ్చి, పాత చీర గుడ్డలో వడకట్టి, గుప్పెడు ఉప్పూ కొంచెం ఫెవికాలూ కలిపాం. ఎండ దిగాక డాబా ఊడ్చి, కడిగి, తడి మీదే ఒక పూత. మర్నాడు సాయంత్రం ఇంకో పూత. తర్వాత అదే థర్మామీటరు మధ్యాహ్నం రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపించింది. అంకెలో చిన్నదే, కానీ రాత్రి ఎనిమిదికల్లా స్లాబు చల్లబడటం మొదలైంది. అసలు లాభం అదే, ఎందుకంటే అక్కడినుంచే మా రోజంతా మారింది.

డాబా మీద పడక మొదలుపెట్టాం. పొద్దుగూకాక బకెట్టు నీళ్లు చల్లడం, చాపలు, బొంతలు, దోమతెర. అప్పటికి మాచర్ల వైపు మా ఊరి నుంచి అమ్మ కూడా వచ్చేసింది. ఆమె కథలు ఒక పక్క, నా చుక్కలు ఒక పక్క. మే నెల రాత్రి తొమ్మిదికి సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటారు. ఆ తోక వంపును అలాగే ముందుకి లాగితే ఎర్రగా మెరిసే స్వాతి తగులుతుంది, ఇంకొంచెం లాగితే చిత్ర. పెద్దాడు వారం తిరక్కుండా స్వాతిని పట్టేశాడు. చిన్నది ప్రతి చుక్కనీ స్వాతే అనేది.

ఆరుబయట పడుకున్నవాళ్లని ఎవరూ లేపక్కర్లేదు. ఐదున్నరకే వెలుగు మొహాన పడి లేచేవాళ్లు. ఐదున్నరకి లేచిన పిల్లలు పొద్దున్నే ఆడి ఆడి, పన్నెండున్నరకి మజ్జిగన్నం కడుపులో పడగానే వాలిపోతారు. సెలవుల మొదట్లో ఎనిమిదింటికి లేచినప్పుడు మధ్యాహ్నం పడుకోమని ఎంత బతిమాలినా వినేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ ఐదు గంటల్లో రెండు గంటలు నిద్రే మింగేసింది. నేనూ కునుకు తీసేవాణ్ణి, అబద్ధమెందుకు.

మిగతా మూడు గంటల్లో సింహభాగం మా అమ్మ గెలుచుకుంది. ఊరి నుంచి వస్తూ కొంగున ముడేసుకుని చింతపిక్కలు తెచ్చింది. అష్టాచెమ్మాకి గవ్వలు బజార్లో దొరుకుతాయి కదా అంటే, "గవ్వలు కొంటే ఆట అయిపోద్దిరా, పిక్కలైతే ముందు తయారు చేసుకోవాల" అంది. ఆ మాటలోని తెలివి నాకు తర్వాత గానీ బోధపడలేదు. చింతపిక్కని ఒక పక్క నేలకేసి అరగదీయాలి, నల్ల తోలు పోయి లోపలి తెలుపు బయటపడేదాకా. గచ్చు నేల కావాలి, మా టైల్స్ మీద జారిపోతుంది. అందుకని మెట్ల గది మలుపులో, నీడన, ముగ్గురూ కూర్చున్నారు. గర్రుగర్రుమని అదే పనిగా అరగదీత. నాలుగు పిక్కలు పూర్తవడానికి మధ్యాహ్నాలు సరిపోలేదు. మధ్యలో పెద్దాడు ఇంకో విద్య కనిపెట్టాడు. గట్టిగా రుద్దితే పిక్క వేడెక్కుతుంది, దాన్ని చెల్లెలి చేతికి ఆనిస్తే చురుక్కుమంటుంది. ఏడుపులు, కొట్లాట. నాయనమ్మ నెమ్మదిగా ఇంకో పిక్క రుద్ది వాడి మోకాలికి ఆనించింది. లెక్క సరిపోయింది.

తర్వాత సుద్దముక్కతో ఐదైదుల గళ్లు గీసి ఆట. నాలుగు తెల్లగా పడితే చెమ్మ, నాలుగు నల్లగా పడితే అష్ట, పడినవాళ్లకి మళ్లీ వేసే అవకాశం. చిన్నదానికి లెక్క రాదు కానీ "అష్టా!" అని అరవడం వచ్చు, ఏం పడినా అరిచేది. నేను ఒకటో తరగతి పిల్లలకి కూడికలు చెప్పే టీచర్లకి ఈ ఆట సిఫారసు చేస్తాను. మా వాడి స్కూలు వాళ్లిచ్చిన సెలవుల హోంవర్కు పుస్తకం మాత్రం మే నెలంతా బీరువా మీదే ఉంది. దాన్ని జూన్ మొదటివారంలో రెండు విడతల్లో కానిచ్చాం.

మూడున్నరకి బాల్కనీలో గంగాళం నిండా నీళ్లు, పిల్లలిద్దరూ అందులో. అక్కడినుంచి నాలుగున్నర దాకా టీవీ, వేళ్లు ముడతలు పడినవాళ్లు తుడుచుకుని కూర్చునేవాళ్లు. టీవీని పూర్తిగా మానిపించాలన్న పట్టుదల నాకు లేదు, ఫోను మాత్రం చేతికివ్వలేదు. టీవీ ఆపేస్తే కాసేపు గునిసి లేచిపోతారు, ఫోను లాక్కుంటే ఇంట్లో యుద్ధమే. పైగా ఆ మే నెలలో మా టీచర్ల బదిలీల అప్లికేషన్లు, ఖాళీల లిస్టులు, గ్రూపుల్లో తగాదాలన్నీ నా ఫోన్లోనే నడుస్తున్నాయి. అది నాకే దొరికేది కాదు.

ఈతకి మాత్రం పంపలేదు. మా వైపు కాలువలూ, నీళ్లు నిలిచిన సున్నపురాయి క్వారీ గుంతలూ ఎక్కువ. ఒడ్డున మోకాలు లోతనిపించి, అడుగు వేస్తే నిలువు లోతు. "మా కాలంలో అందరం అక్కడే నేర్చుకున్నాం" అనేవాళ్లకి జవాబివ్వను, నవ్వి ఊరుకుంటాను.

వడియాల దగ్గర అమ్మకీ నాకూ చిన్న పేచీ వచ్చింది. "ఆ సున్నం మీద వడియాలెట్టా పెట్టేదిరా?" నిజమే, అరికాళ్లకి తెలుపు అంటుతూనే ఉంది. చివరికి నులకమంచం మీద పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. కాకుల కాపలా పిల్లలది, ఎనిమిదిన్నరదాకా. కాకులు తిన్నవెన్నో తెలీదు గానీ, పైన ఎండి లోపల మెత్తగా ఉన్న వడియాలు కాపలాదారులే చాలా మింగారు. ఆవకాయ కూడా ఆ రోజుల్లోనే పెట్టాం. ముక్కలకి జీడి తీసి, లోపలి పొర గీకి, గుడ్డతో తుడవడం వరకు పిల్లల పని. కారం కలిపేటప్పుడు వాళ్లని గది అవతలికి తోలేశాం. అన్నట్టు, గుంటూరు మిర్చి యార్డుకి కూడా మే, జూన్ నెలల్లో దాదాపు నెల రోజులు వేసవి సెలవులుంటాయి. ఈ సంగతి చెప్తే పెద్దాడు "మిరపకాయలకి కూడా సెలవులా" అని రోజంతా నవ్వాడు.

మే మధ్యలో చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటిదాకా వేసవంటే విసుగే, ఆ రోజు భయమేసింది. నాలుక పొడిబారింది, పొద్దుటినుంచి ఒంటికి పోయలేదు. డాక్టరుగారు చూసి, అడ్మిషన్ అవసరం లేదు, ఓఆర్‌ఎస్ పట్టించండి అన్నారు. పట్టించే పద్ధతి కూడా ఆయనే చెప్పారు. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలిపేయాలి. గ్లాసులో కాస్త, గ్లాసులో కాస్త పొడి వేసి కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. గ్లాసుతో తాగిస్తే కక్కేస్తుంది, చెంచాతో నిమిషానికొకటి. విరేచనాలు ఆగినా జింకు మందు పద్నాలుగు రోజులూ వేయాలి.

మందుల షాపులో "ఓఆర్‌ఎస్" అంటే కుర్రాడు తియ్యటి డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. అది పళ్లరసం లాంటిది, చక్కెర ఎక్కువ, విరేచనాలున్న పిల్లలకి పోస్తే ఇంకా పెరుగుతాయి. పొడి ప్యాకెట్టే కావాలని అడిగి తెచ్చాను. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరే ఉండకూడదని ఉత్తర్వులిచ్చింది. అందుకోసం హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ వార్త చదివినప్పుడు మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మేం కూడా మే 25 కోసం యుద్ధానికి సిద్ధమైనట్టు కొత్త కుండ, కూలరుకి కొత్త గడ్డి తెచ్చిపెట్టుకున్నాం. తీరా చూస్తే ఆ ఏడు నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళలో దిగి, 26కల్లా రాయలసీమలోకి వచ్చేశాయి. రోహిణిలో వాన! పిల్లలు డాబా మీద తడుస్తుంటే, పలచబడిన సున్నపునీళ్లు తూముల్లోంచి తెల్లగా కిందికి కారి, కింద పోర్షన్ వాళ్ల స్కూటీకి చుక్కల డిజైను వేశాయి. పూత మొత్తం పోలేదు, అట్టకట్టినచోట గట్టిగానే ఉంది. "చూశావా, రాయైంది" అన్నాడు పెద్దాడు దాని మీద కాలు రాస్తూ.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. జూన్ 12న బ్యాగులేసుకుని వెళ్లేనాటికి మళ్లీ ఎండ మండుతోంది. ఈసారి సెలవులకి సున్నం డబ్బులు తనే ఇస్తానని ఓనరుగారు మాటిచ్చారు, కింద పోర్షన్ వాళ్లు కూడా చల్లగా ఉందన్నారట. స్కూటీ కడిగించిన ఖర్చు మాత్రం నా ఖాతాలోనే రాశారు.